బైరమ్మ ఇంటి అడుగుపలక

ధూమ్రశిఖరం మీద నుంచి దూకే చోట సర్పవేణి నది నదిలా ఉండదు. వెయ్యి తెల్లగుర్రాలు ఒక్కసారిగా జూలు విదిల్చినట్టు నురగ లేస్తుంది. ఆ నురగ మీద పొద్దుటి ఎండ పడితే లోయ పొడుగునా ఏడు రంగుల వల ఆరేసినట్టు ఉంటుంది. ఆ రోజు ఆ వల కింద, రెండు ఎండు దుంగలను అడవితీగలతో కట్టిన తెప్ప మీద ఇద్దరు మనుషులు కొట్టుకుపోతున్నారు.

ఒకడు మణిశైల రాజ్యపు యువరాజు జయకీర్తి. చూస్తే అలా అనిపించదు. మోకాళ్ళ దాకా ముతక పంచె, తలకు మాసిన గుడ్డ, నడుముకు సుత్తి, ఉలి. శత్రువుల చోట చొరబడడానికి పదిహేను రోజులుగా వేసుకున్న, తిరగళ్ళకు గంట్లు కొట్టేవాడి వేషం అది. రెండోవాడు ముమ్మడి, మణిశైల సైన్యంలో బల్లెం బంటు. కర్కోట దేశంతో యుద్ధం మొదలైన నాడు ఇల్లు విడిచాడు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. అందులో మూడేళ్ళు యుద్ధం చేశాడు. ఆరేళ్ళు కర్కోట రాజు కొలువులోని మాంత్రికుడు జంభకేతుడి గుహలో సంకెళ్ళతో పడి ఉన్నాడు. నిన్న యువరాజు ఆ సంకెలను ఉలితో తెగగొట్టి అతన్ని ఒక్కణ్ణే బయటికి తేగలిగాడు. ఎడమ చీలమండకు ఇనుప కడియం, దానికి మూరెడు గొలుసు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి.

"ప్రభూ, గట్టిగా పట్టుకోండి! సుడి!" అని ముమ్మడి అరిచాడు.

"ప్రభూ అనకు. బల్లెంపేటలో నోరు జారితే ఇద్దరం పోతాం. ఒరేయ్ అను."

"యువరాజునా? నా నోరు తిరగదండీ."

"తిరగాలి."

సుడి మధ్య నుంచి ఏనుగు తొండమంత మెడ ఒకటి పైకి లేచింది. దాని చివర నీటిపాము తల. కళ్ళు ఎర్రగా కాలిన ఇటుకల్లా ఉన్నాయి. అది యువరాజు కుడిచేతిని అందుకుంది. వేళ్ళు దక్కాయి గానీ వేలికి గుడ్డపీలిక కింద దాచిన రాజముద్రిక దాని నోట్లోకి పోయింది. "ఒరేయ్, వంగరా!" అని కేకవేసి ముమ్మడి ఎడమకాలు గిర్రున తిప్పాడు. గొలుసు వెళ్ళి పాము కంట్లో తగిలింది. అది బుస్సుమంటూ నీళ్ళలోకి జారింది. తెప్ప సుడి దాటింది.

"చూశావా, తిరిగింది నోరు," అన్నాడు జయకీర్తి, ఖాళీ వేలిని చూసుకుంటూ.

నది నెమ్మదించాక యువరాజు తాను గుహలో చాటుగా విన్నది చెప్పాడు. జంభకేతుడు ఏడుగురు బందీల రూపాలతో ఏడుగురు ఛాయాభటులను తయారుచేసి ముందుగానే బల్లెంపేటకు పంపాడు. వాళ్ళు ఏడు ఇళ్ళలో కొడుకులుగా, మొగుళ్ళుగా దిగారు. అయిదో రోజు మధ్యాహ్నం వాళ్ళ చేతికి బల్లేలు వస్తాయి. ఆ వెంటనే కోట పడమటి ద్వారం కాపలా కూడా వస్తుంది. లోపలి నుంచి గడియ తీస్తే చాలు, కొండ వెనక కర్కోట సైన్యం కాచుకుని ఉంది.

"అయిదో రోజు ఎప్పుడు?"

"ఈరోజే."

ముమ్మడి కాలి గొలుసు చేత్తో ఎత్తి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "అందుకా, మాకు వేడన్నం పెట్టి ఇంటి సంగతులు అడిగేవాడు! మీ ఆవు పేరేంటి, మీ పెళ్ళిలో ఎవరు అలిగారు, మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది అని. ఇంటి మాట ఎత్తేవాడు ఇంకెవడూ లేడండీ అక్కడ. ఏడుగురం బెంగతో ఉన్నాం. అడక్కపోయినా చెప్పేవాళ్ళం."

"నీ రూపం కూడా పంపాడేమో."

"పంపనీండి. మాకు అడుగుపలక ఉంది. దాన్ని ఏ మాంత్రికుడూ మోసం చెయ్యలేడు."

బల్లెంపేట మణిశైల దుర్గానికి పడమటి గుమ్మం లాంటిది. వెనక కోటగోడ మబ్బులను ఆనుకుని నిలబడి ఉంటుంది. బురుజుల మీద రాగి కలశాలు ఎండకు నిప్పుకణికల్లా మెరుస్తుంటాయి. ముందు కందకంలో మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎండ కాగుతుంటాయి. ఆ రెంటి మధ్య మూడు వందల సిపాయి ఇళ్ళు. ఆ తొమ్మిదేళ్ళూ అక్కడ అరక దున్నిందీ, కప్పు నేసిందీ, పాముల్ని కొట్టిందీ ఆడవాళ్ళే. పేట పెద్ద కూడా ఒక ఆడమనిషే. ముమ్మడి తల్లి అక్కమ్మ.

ఆ పేటకు ఒక ఆచారం ఉంది. యుద్ధానికి వెళ్ళే మనిషి బయలుదేరేముందు, సున్నం, జిగటమన్ను కలిపి పోసిన పచ్చి పలక మీద కుడి అడుగు వేసి వెళతాడు. పలక ఆరాక గడప పక్కన పెడతారు. ఇంటి ఆడమనిషి రోజూ పొద్దున్నే దాన్ని కడిగి పసుపు రాస్తుంది. ఇంట్లో ఏం జరిగినా ముందు పలకకు చెబుతుంది. ఆవు ఈనిందని చెబుతుంది. బిడ్డకు పేరు పెట్టామని చెబుతుంది. అతను పోయాడని కబురు వస్తే పలకను నదిలో వదులుతారు. తిరిగి వస్తే ఆ గుర్తులో అడుగు పెట్టాకే ఇంటి అరుగు ఎక్కనిస్తారు. అయినా నాలుగు రోజులు అతను చుట్టమే. పడక అరుగు మీదే, పెట్టింది తినాలి, పెత్తనం చెయ్యకూడదు. "దండు నుంచి వచ్చినవాడి మనసు కాళ్ళకంటే నాలుగు రోజులు వెనక నడుస్తుంది. అది కూడా వచ్చి చేరనియ్యండి" అంటుంది అక్కమ్మ. అయిదో రోజు మధ్యాహ్నం భార్య, లేకపోతే తల్లి, రోకలితో ఆ పలకను పగలగొడుతుంది. ముక్కలు కొత్త పొయ్యిలో కలుస్తాయి. బల్లెం మళ్ళీ అతని చేతికి వస్తుంది.

ముమ్మడి, జయకీర్తి పేటలోకి వచ్చేసరికి మధ్యాహ్నానికి ఇంకా ఒక గడియ ఉంది. ఏడు ఇళ్ళ ముందు ముగ్గులు, తోరణాలు. ముమ్మడి ఇంటి ముందు జనం. అరుగు మీద తెల్లపంచెతో, నూనె రాసిన జుట్టుతో, ముమ్మడి కూర్చుని ఉన్నాడు.

అసలు ముమ్మడి నిలబడిపోయాడు. అరుగు మీదివాడు తొమ్మిదేళ్ళ కిందటి తనలాగే ఉన్నాడు. నిండు బుగ్గలు, నల్లటి మీసం. తనకేమో గడ్డం సగం నెరిసింది, భుజాలు వంగాయి. అరుగు చివర, స్తంభానికి ఆనుకుని, ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె నిలబడి ఉంది. తాను వెళ్ళేనాటికి ఇంకా పుట్టని బిడ్డ. ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. ముక్కు తన తల్లిదే.

"అమ్మా!" అని పిలిచాడు.

జనం తిరిగి చూశారు. అక్కమ్మ చేతిలోని గారెల పళ్ళెం పక్కకు ఒరిగింది. ఇంట్లో నుంచి అతని భార్య బైరమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, చేతిలో రోకలి. ముప్పై ఏళ్ళ మనిషి. పేటలోని ఆడపిల్లలందరికీ కర్రసాము నేర్పింది ఆవిడే. ఒకసారి అరుగు వైపు, ఒకసారి వీధి వైపు చూసింది.

"ఇదెక్కడి చోద్యమే బైరమ్మా! ఒక్కడి కోసం తొమ్మిదేళ్ళు ఏడిస్తే ఇద్దరొచ్చారు!" అంది ఎదురింటావిడ. కొందరు నవ్వారు. బైరమ్మ నవ్వలేదు.

అరుగు మీదివాడు లేచాడు. "వాడు కర్కోటుల వేగు. నా వేషంలో వచ్చాడు. మొసళ్ళకు వెయ్యండి."

"ఉండు, చుట్టానివి నువ్వు. చుట్టాలు తీర్పు చెప్పకూడదు," అంది అక్కమ్మ. పళ్ళెం కింద పెట్టింది. "ముందు అడగాల్సింది అడుగుదాం. మన ఆవు పేరేంటి?"

"బొల్లి," అన్నారు ఇద్దరూ.

"పెళ్ళిలో అలిగిందెవరు?"

"మా చిన్నమామ. పెరుగు పుల్లగా ఉందని," అన్నారు ఇద్దరూ.

జయకీర్తి జనంలో నిలబడి పళ్ళు కొరుక్కుంటున్నాడు. తాను ఎవరో చెబితే? ముద్రిక పాము కడుపులో ఉంది, ఈ పేటలో తన ముఖం తెలిసినవాళ్ళు లేరు. ఒకవేళ నమ్మినా, ఆ కబురు అందగానే మిగతా ఆరు ఇళ్ళలో ఆరు కత్తులు లేస్తాయి. సుత్తి మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

"ఇక పలకే చెప్పాలి," అంది అక్కమ్మ.

అరుగు మీదివాడు వచ్చి పలక మీద కుడి అడుగు వేశాడు. వెంట్రుకంత సందు లేదు. వేళ్ళు వేళ్ళలో, మడమ మడమలో, ఒరలో కత్తిలా కూర్చుంది.

తర్వాత ముమ్మడి వేశాడు. ఆ పాదం తొమ్మిదేళ్ళు నడిచింది. రాళ్ళ మీద, మంచు మీద నడిచి వెడల్పయింది, అడుగుభాగం చదునైపోయింది. మడమ బీడు పొలంలా పగిలి ఉంది. చిటికెన వేలు మంచులో మాడి రాలిపోయి చాలాకాలం అయింది. అడుగు గుర్తు అంచులు దాటి బయటికి వచ్చింది. చిటికెనవేలి చోటు ఖాళీగా మిగిలింది.

జనంలో ఎవరో, "అయ్యో," అన్నారు.

అంతకుముందు యుద్ధాలన్నీ చిన్నవి. కోతలయ్యాక వెళ్ళి విత్తనాల వేళకు వచ్చేవాళ్ళు. వెళ్ళిన కాలే తిరిగి వచ్చేది. ఆ పేటలో ఎవరికీ తొమ్మిదేళ్ళ యుద్ధం తెలియదు.

"కట్టెయ్యండి," అంది అక్కమ్మ, ముమ్మడి ముఖం వైపు చూడకుండా. "పలక పగలగొట్టాక వీణ్ణి కందకంలో వేద్దాం. బైరమ్మా, వేళవుతోంది."

నలుగురు ఆడవాళ్ళు ముమ్మడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. అతను పెనుగులాడలేదు. "బైరీ, పలక పగలగొట్టకు. పగలగొడితే వీడికి బల్లెం వస్తుంది. పడమటి ద్వారం పోతుంది," అన్నాడు.

"నోరు మూయించండి వాడి చేత! ఇంకా చూస్తావేంటే బైరీ? కొట్టు!" అన్నాడు అరుగు మీదివాడు.

బైరమ్మ రోకలి గోడకు ఆనించింది. "కడక్కుండా ఎలా కొట్టను? తొమ్మిదేళ్ళు కడిగాను. చివరిసారి కడిగే కొడతాను."

పలక ముందు కూర్చుంది. చెంబుతో నీళ్ళు పోసింది. పసుపు అద్దిన బొటనవేలు రోజూ వెళ్ళే దారినే వెళ్ళింది. ముందు పెద్దవేలు, తర్వాత వరసగా నాలుగు, తర్వాత అంచు వెంట మడమ. మడమ నడుమ చింతగింజంత గుంట ఉంది. బొటనవేలు అందులో ఒక్క చుట్టు తిరగడం అలవాటు. తిరిగింది.

అక్కడే ఆగిపోయింది.

నాలుగు రోజుల కిందట వచ్చినాయన కాళ్ళు కడిగింది తనే. ఆ మడమ నడుమ ఇదే బొటనవేలికి చింతగింజంత బుడిపె ఒకటి తగిలింది. నడిచి నడిచి కాయకాసింది కాబోలు అనుకుంది. అయ్యో పాపం అని దానికి ఆముదం కూడా రాసింది.

"పున్నమ్మా, ఇలా రా," అని కూతుర్ని పిలిచింది. "ఈ గుంట ఎలా పడిందో చెప్పు."

పిల్ల తల వంచుకుంది. "నేనే చేశా. చిన్నప్పుడు. నాన్నకు వడ్లు దంచి పెడతానని రోకలి ఎత్తితే జారిపడింది. నువ్వు నన్ను కొట్టావు. తర్వాత నువ్వే ఏడ్చావు."

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"మూడు."

బైరమ్మ లేచి నిలబడింది. "అందరూ వినండి. మా ఆయన వెళ్ళి తొమ్మిదేళ్ళు. ఈ గుంట పడి అయిదేళ్ళు. ఇద్దరి అరికాళ్ళూ నాకు చూపించండి."

ముమ్మడి కాలు ఎత్తాడు. బీటలు, పాత గాయాలు, మట్టి. బుడిపె లేదు.

అరుగు మీదివాడు కాలు ఎత్తలేదు. "మొగుడి అరికాలు పదిమందిలో చూపమంటావా, సిగ్గులేదా?" అన్నాడు. ఎదురింటావిడ వెనక నుంచి వచ్చి ఠపీమని మోకాలి వెనక కర్రతో కొట్టింది. అతను కూలబడ్డాడు. అరికాలు పైకి తేలింది. తొమ్మిదేళ్ళు దండులో తిరిగిన ఆ కాలు పసిపిల్లాడి పాదంలా నున్నగా ఉంది. మడమ నడుమ మాత్రం, అచ్చు ఆ గుంటలో పోసి తీసినట్టు, చింతగింజంత బుడిపె.

"ఈ పలక మా ఆయన కాలికి పుట్టింది. ఈ కాలు ఈ పలకకు పుట్టింది. కిందటేడు తేనెమైనం అమ్మే ముసలిది వచ్చి, దిష్టి తీస్తానని ఏడిళ్ళ పలకలకు మైనం అద్ది ఒలుచుకుపోయింది. జ్ఞాపకం ఉందా?" అంది బైరమ్మ.

ఛాయాభటుడి ముఖం నుంచి నవ్వు రాలిపోయింది. ఒక్క దూకున గోడ దగ్గరి రోకలి అందుకుని బైరమ్మ తలకు గురిపెట్టి ఎత్తాడు. చేతులు కట్టి ఉన్న ముమ్మడి నేలమీద దొర్లి ఎడమకాలు విసిరాడు. గొలుసు వాడి మోకాలికి చుట్టుకుంది. ఖణేల్‌మని, కుండ మీద కొట్టినట్టు మోగింది. రోకలి గురి తప్పి ముమ్మడి కుడి మోకాలి మీద పడింది.

ఆ మోత విన్న జయకీర్తికి వాడు లోపల డొల్ల అని అర్థమైంది. పదిహేను రోజులుగా తిరగళ్ళ మీద చెయ్యి తిరిగినవాడు. జనాన్ని తోసుకుని వచ్చి, ఉలిని వాడి రొమ్ము మీద నిలిపి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. గంటు అడ్డంగా చీలింది. రెండో దెబ్బకు వీరుడు కాస్తా పెంకులై కూలిపోయాడు. లోపల నెత్తురు లేదు, ఎముక లేదు. నీలంపొగ ఒకటి చుట్టలు చుట్టుకుంటూ లేచి పడమటి దిక్కుకు పారిపోయింది. పెంకుల మధ్య నాలుగు రోజులుగా పెట్టిన అన్నం, పప్పు, గారెలు పెట్టినవి పెట్టినట్టే గుట్టగా పడి ఉన్నాయి.

"నా గారెలు!" అంది అక్కమ్మ. "కొసరి కొసరి పెట్టానే మట్టిబొమ్మకు!"

ఆవిడ అరుగు దిగి, కొడుకు కట్లు విప్పి, నేలమీద చతికిలబడి అతని పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "నా కొడుకు కాలు చూసి పరాయివాడిదన్నానురా చిన్నోడా."

"తొమ్మిదేళ్ళు నడిచిందమ్మా. అలాగే ఉంటుందా," అన్నాడు ముమ్మడి.

బైరమ్మ అతని ఎదురుగా నిలబడి ఉంది. అతని పాదం వైపే చూస్తోంది. చివరికి ఆవిడ, "చిటికెనవేలు ఏమైంది?" అంది.

"మంచులో పోయింది."

"ఊఁ," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

అప్పుడు కోట మీద మధ్యాహ్నపు నగారా మోగింది. దాని వెంటే పక్కవీధి నుంచి ఠప్ మని ఒక చప్పుడు వచ్చింది. రోకలి కింద పలక పగిలిన చప్పుడు. ఆడవాళ్ళ హారతి పాట మొదలైంది. ఆ తర్వాత ఇంకో వీధి నుంచి మరొకటి.

"ఆరు ఇళ్ళు! పగలకుండా ఆపాలి! ఉలి తగిలితే చస్తారు వాళ్ళు!" అని జయకీర్తి పరుగెత్తాడు.

ముమ్మడి లేవబోయి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. "బైరీ, నా బల్లెం ఇవ్వు."

బైరమ్మ ఇంట్లోకి వెళ్ళి దూలానికి కట్టి ఉన్న బల్లేన్ని తెచ్చింది. తొమ్మిదేళ్ళుగా నూనె రాసి ఉంచింది, మొన తళతళలాడుతోంది. ఇవ్వలేదు. తన భుజాన పెట్టుకుంది.

"నువ్వొచ్చి ఎంతసేపయింది?"

"ఒక గడియ."

"నాలుగు రోజులు చుట్టానివి. చుట్టాల చేత పని చేయించడం ఈ ఇంట్లో లేదు. అరుగు మీద కూర్చో. అత్తా, ఆ గారెలు ఇంకా ఉంటే పెట్టు. తిన్నవి లోపలికి వెళుతున్నాయో లేదో కూడా చూడు." ఎదురింటావిడ ఫక్కున నవ్వింది. బైరమ్మ వీధి మలుపు దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత బల్లెం దించి పరుగందుకుంది. కర్రలతో ఇరవైమంది ఆడవాళ్ళు ఆవిడ వెంట పడ్డారు.

ఠప్. మూడోది.

అక్కమ్మ సాయంతో ముమ్మడి అరుగు ఎక్కి చెవులు రిక్కించి కూర్చున్నాడు. పున్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి దూరంగా పెట్టి, అడుగుపలకను ఈడ్చుకుంటూ తెచ్చి అతని ముందు ఉంచింది. తన పాదాన్ని ఆ గుర్తులో పెట్టి చూపించింది.

"కిందటేడు ఇక్కడి దాకా వచ్చేది. ఇప్పుడు ఇక్కడి దాకా. గుంట నేనే చేశా. కోపమా?"

"కాదమ్మా," అన్నాడు ముమ్మడి. "ఆ గుంటే నన్ను బతికించింది."

నాలుగో చప్పుడు కోసం చూశారు. రాలేదు. దానికి బదులు ఎక్కడో కుండ పగిలినట్టు మోత, జనం కేకలు. ముమ్మడి గట్టిగా ఊపిరి పీల్చాడు. అంతలో కోటగోడ వైపు నుంచి ఇంకొక చప్పుడు మొదలైంది. ముగ్గురు కలిసి లాగితే తప్ప కదలని పడమటి ద్వారపు ఇనుపగడియ, కిర్రుమంటూ, నెమ్మదిగా జారుతోంది.

ముమ్మడి గోడ పట్టుకుని లేచాడు. కాలు కదలలేదు. చూస్తే గొలుసు కొస మీద పున్నమ్మ రెండు కాళ్ళూ పెట్టి నిలబడి ఉంది.

"చుట్టానివి. అమ్మ కూర్చోమంది," అంది.